కాఫీ ప్యాకెట్ మీద ఏ ముద్ర చూసి కొనాలి? చిన్న రైతు వైపు నుంచి ఒక పోలిక

కాఫీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే ముద్రల వరస కనిపిస్తుంది. ఒకదాని మీద కప్ప బొమ్మ, ఇంకోదాని మీద నలుపులో నీలం, ఆకుపచ్చ వంపులు, ఆకు గుర్తు, ఒక పిట్ట, ‘డైరెక్ట్ ట్రేడ్’ అనే మాట, బుట్ట పట్టుకుని నవ్వుతున్న రైతు ఫొటో. చూడగానే అన్నీ ఒకే మాట చెబుతున్నట్టు ఉంటాయి: ఇది కొంటే పేద రైతుకు మేలు అని. నిజానికి ఏ ముద్ర పని దానిదే. ఒకటి అడవి గురించి పూచీ పడుతుంది, ఒకటి పురుగుమందుల గురించి, ఒకటి పక్షుల గురించి. రైతు చేతికి ఎంత డబ్బు చేరిందన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేవి తక్కువ. ఫొటో అయితే దేనికీ పూచీ పడదు. ఆ నవ్వుతున్న మనిషే ఆ గింజలు పండించాడని కూడా అనుకోనక్కర్లేదు.

చిన్న రైతుకు తోడ్పడాలన్నదే మీ ఉద్దేశమైతే వీటన్నిటినీ ఒకే ప్రశ్నతో తూచవచ్చు. మార్కెట్ ధర కుప్పకూలిన ఏడాది ఈ కొనేవాళ్లు రైతుకు ఎంత ఇస్తారు? ధర బాగున్న రోజుల్లో దళారి కూడా నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తాడు. తేడా తెలిసేది గడ్డుకాలంలో.

హడావిడిలో ఉన్నవారికి ముందే చెప్పేస్తాను. సూపర్ మార్కెట్‌లో కొంటుంటే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే నలుపులో వంపులున్నది, చూసి తీసుకోండి, ఆర్గానిక్ కూడా కలిసినది దొరికితే మరీ మంచిది. గింజలు కొని వేయించి అమ్మే చిన్న కంపెనీ, అంటే రోస్టర్ దగ్గర కొంటుంటే ముద్ర కోసం పట్టుబట్టకండి. వాళ్లు రైతు వైపు ఎంత చెల్లించారో అంకెల్లో చెబుతున్నారా, అదే రైతుల సంఘం దగ్గర ఏటా కొంటున్నారా అన్నది చూడండి. ఎందుకలా అన్నది కింద వివరంగా ఉంది.

రైతు ధర ఎక్కడ తేలుతుంది

కాఫీలో ప్రధాన రకాలు రెండు. అరబికా రేటు న్యూయార్క్‌లో, రోబస్టా రేటు లండన్‌లో తేలుతుంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో పలికే రేటును వ్యాపారంలో ‘సీ ప్రైస్’ అంటారు. బ్రెజిల్‌లో మంచు పడి తోటలు దెబ్బతింటే అది పెరుగుతుంది, అక్కడ పంట విరగకాస్తే పడిపోతుంది. రువాండా కొండ మీద రైతుకు ఎరువుకెంతైంది, కూలీలకెంతైంది అన్నది ఆ లెక్కలోకి రాదు.

ఒకప్పుడు ఈ ఊగిసలాటకు కళ్లెం ఉండేది. 1962 అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టి ధరను ఒక హద్దులో నిలిపేవారు. 1989 జూలైలో ఆ కోటాలు రద్దయ్యాయి, ధర కొద్ది నెలల్లోనే పడిపోయింది. 2001 నాటికి పౌండు (దాదాపు 454 గ్రాములు) అరబికా 50 సెంట్ల కిందకు దిగింది. మధ్య అమెరికాలో ఎంతోమంది పంట కోయకుండానే వదిలేశారు, కోత కూలి కూడా గిట్టలేదు మరి. 2019లో మళ్లీ డాలరు లోపుకు వచ్చింది. ఆ తర్వాత చూస్తే 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటి రికార్డు పెట్టింది. ఆరేళ్లలో నాలుగింతలు! కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు. ఈ రేట్లు చూసి ఎవరైనా ఏం ప్లాన్ చేసుకుంటారు?

రైతు బేరమాడలేకపోవడానికి ఇంకో కారణం పండులోనే ఉంది. కోసిన కాఫీ పండు ఆగదు. అదే రోజు తొక్క తీసే యంత్రానికి పోవాలి, లేదంటే దానంతటదే పులియడం మొదలై గింజ రుచి చెడుతుంది. ఇథియోపియా, రువాండాల్లో కోత రోజుల్లో మధ్యాహ్నం దాటాక వాషింగ్ స్టేషన్, అంటే పండు తొక్క తీసి గింజ కడిగే చోటు, దగ్గర వరస మొదలవుతుంది. తలమీద సంచులతో, బుట్టలతో వస్తారు. పండ్లు పరిచి పచ్చివి, ఎండిపోయినవి ఏరేస్తారు, తూకం వేస్తారు, చీటీ రాసి చేతిలో పెడతారు. న్యూయార్క్‌లో ఏం జరిగినా ఆ రైతుకు తెలిసే రేటు ఆ చీటీ మీదదే. నచ్చలేదని సంచి ఇంటికి మోసుకుపోయి రేపు ఇంకోచోట అమ్ముకునే వీలు లేదు. స్టేషన్ దూరమైతే దారిలో ఎదురైన దళారికి ఇంకా తక్కువకు ఇచ్చేస్తారు. పంటకు ముందు ఆయన దగ్గర అప్పు తీసుకుని ఉంటే ఇక బేరమే లేదు, ఆయన చెప్పిందే రేటు.

కిలో పచ్చి గింజ రావాలంటే 5 నుంచి 6 కిలోల పండు కోయాలి, అదీ పండినవి మాత్రమే ఏరుతూ, చేత్తో. ప్రపంచంలో దాదాపు 1.25 కోట్ల కాఫీ తోటలు ఉంటాయని, వాటిలో నూటికి 95 వరకు 5 హెక్టార్ల లోపువేనని ఎన్వెరిటాస్ సంస్థ అంచనా. అంటే మనం మాట్లాడుతున్నది ఎక్కడో మూలనున్న కొద్దిమంది గురించి కాదు. కాఫీ రైతు అంటేనే చాలావరకు చిన్న రైతు.

ఈ రైతుకు కావలసింది దయ కాదు. ధర ఇంతకంటే పడదన్న భరోసా, కోతకు ముందు చేతిలో కాస్త డబ్బు, వచ్చే ఏడాది కూడా కొంటారన్న నమ్మకం. ఏ పద్ధతి వీటిలో ఏది ఇస్తుందో చూద్దాం.

ఫెయిర్‌ట్రేడ్

దీని పుట్టుక 1988లో. మెక్సికోలోని ఒహాకా కొండల్లో ఉసీరీ అనే సహకార సంఘం ఉంది. అక్కడ రైతులతో పనిచేస్తున్న డచ్ మతాచార్యుడు ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్, నికో రోజెన్ కలిసి నెదర్లాండ్స్‌లో మాక్స్ హవెలార్ అనే లేబుల్‌తో ఆ కాఫీని మామూలు దుకాణాల్లోకి తెచ్చారు. ఈనాటి ఫెయిర్‌ట్రేడ్ అక్కడి నుంచి ఎదిగిందే.

నియమాలు సూటిగా ఉంటాయి. కడిగి శుద్ధి చేసిన అరబికాకు పౌండుకు 1.80 డాలర్లు కనీస ధర. 2011 నుంచి 1.40 దగ్గరే ఉన్నదాన్ని 2023 ఆగస్టులో పెంచారు. మార్కెట్ రేటు దీనికంటే ఎక్కువుంటే మార్కెట్ రేటే ఇవ్వాలి. ఆర్గానిక్ అయితే ఇంకో 40 సెంట్లు. వీటి మీద ప్రీమియం పేరుతో 20 సెంట్లు సంఘానికి చేరతాయి. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులు కూర్చుని తేల్చుకుంటారు, అందులో కనీసం 5 సెంట్లు నాణ్యతకు, దిగుబడికి పెట్టాలి. సంఘం అడిగితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా కొనేవాళ్లు ముందే సమకూర్చాలి. ఈ చివరి నియమం గురించి ప్రకటనల్లో పెద్దగా వినపడదు. నా లెక్కలో మాత్రం ప్రీమియం కంటే దీని విలువే ఎక్కువ, ఎందుకంటే రైతును దళారి అప్పు నుంచి తప్పించగలిగేది ఇదే. ఇంకో మంచి సంగతి, కాఫీ విషయంలో గింజ ప్రయాణం మొత్తం విడిగా నమోదు కావాలి. కోకో, పంచదారల్లో అనుమతించే కలిపేసి లెక్క సరిచూసుకునే పద్ధతి ఇక్కడ చెల్లదు.

ఇక లోపాలు. మొదటిది, ఆ 1.80 రైతు చేతికి వచ్చే ధర కాదు. ఓడరేవులో ఎగుమతికి సిద్ధమైన గింజకు ఇచ్చే ధర, వ్యాపారులు ఎఫ్ఓబీ అంటారు. శుద్ధి, రవాణా, సంఘం జీతాలు, సర్టిఫికెట్ ఫీజు పోగా మిగిలేది రైతుది. సంఘం బాగా నడిస్తే పెద్ద భాగం చేరుతుంది, నడవకపోతే లేదు.

రెండోది, సర్టిఫికెట్ ఉన్న సంఘం పండించినదంతా ఫెయిర్‌ట్రేడ్ ధరకు అమ్ముడుపోదు. కొనేవాళ్లు దొరికినంత మేరకే ఆ ధర, మిగతాది మామూలు రేటుకు పోవాల్సిందే. గ్వాటెమాలా సహకార సంఘాల అమ్మకాల లెక్కలు పరిశీలించి డి జాన్‌వ్రీ, మెకింటోష్, సాడూలే 2015లో రాసిన పత్రం ఇదే తేల్చింది. ధర పడినప్పుడు అందరూ సర్టిఫికెట్ తీసుకుంటారు, దాంతో ఒక్కొక్కరు ఆ ధరకు అమ్ముకోగలిగే వాటా తగ్గిపోతుంది, చివరికి ఖర్చులు పోను మిగిలేది స్వల్పం.

మూడోది కూలీల సంగతి. కోస్టారికా మీద డ్రగుసాను, మోంటెరో, నన్ చేసిన అధ్యయనంలో ఫెయిర్‌ట్రేడ్ వల్ల తోట యజమానుల ఆదాయం పెరిగింది, మధ్యవర్తుల వాటా తగ్గింది, కోత కూలీలకు మాత్రం పెద్దగా ఒరిగింది లేదు. 2014లో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల మీద ఇచ్చిన నివేదిక ఇంకా ఘాటుగా ఉంది. ఫెయిర్‌ట్రేడ్ ఉన్న ప్రాంతాల్లో కూలి డబ్బులు, పని పరిస్థితులు లేనిచోట కంటే మెరుగ్గా లేవని, కొన్నిచోట్ల అధ్వానంగా ఉన్నాయని చెప్పింది. ఫెయిర్‌ట్రేడ్ సంస్థ దాని పద్ధతితో విభేదించింది. అయినా ప్రశ్న ప్రశ్నగానే ఉంది. రెండెకరాల రైతు కూడా కోతకు ఇంకొకరిని పిలుస్తాడు, ఆ ఇంకొకరు అతనికంటే పేదవారు.

కనీస ధర అంటే బతకడానికి సరిపోయే ధర అనుకోకూడదు. ఈ తేడా ఫెయిర్‌ట్రేడ్ వాళ్లకూ తెలుసు. అందుకే కొలంబియా కాఫీకి 2021లో జీవనానికి సరిపోయే ఆదాయాన్ని బట్టి లెక్కగట్టిన సూచిక ధర విడిగా ప్రకటించారు. అది ఇచ్చి తీరాలన్న నియమం లేదు, ఇష్టమున్న కంపెనీలు ఇస్తాయి.

ఇన్ని లోపాలున్నా దీన్ని ఎందుకు ముందు పెడుతున్నానంటే, ధర కుప్పకూలిన ఏడాది రాతపూర్వకంగా పట్టుకుని అడగగలిగే అంకె ఉన్న పెద్ద ముద్ర ఇదొక్కటే. 2001లో, 2019లో ఆ అంకె విలువ తెలిసింది. 2025 లాంటి ఏడాదిలో మార్కెట్టే దానికి రెట్టింపు ఇస్తుంది కాబట్టి దాని పని కనపడదు. అలాంటప్పుడు సంఘాలకు వేరే కష్టం, సభ్యులే పండ్లు తెచ్చి పోయకుండా నగదిచ్చే దళారికి అమ్మేస్తారు.

ముద్ర చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అమెరికాలో ఫెయిర్ ట్రేడ్ యూఎస్ఏ అనే సంస్థ 2011 చివర్లో అంతర్జాతీయ ఫెయిర్‌ట్రేడ్ నుంచి విడిపోయింది. అది పెద్ద ఎస్టేట్ల కాఫీకి కూడా ముద్ర ఇస్తుంది. అంతర్జాతీయ ఫెయిర్‌ట్రేడ్ మాత్రం కాఫీలో చిన్న రైతుల సంఘాలకే పరిమితం. పేర్లు ఒకేలా ఉంటాయి, కాబట్టి బొమ్మ చూసుకోవాలి, నలుపులో నీలం, ఆకుపచ్చ వంపులున్నది అంతర్జాతీయ ఫెయిర్‌ట్రేడ్‌ది. లాటిన్ అమెరికా చిన్న రైతుల సంఘాలు 2006లో సొంతంగా ఎస్‌పీపీ అనే ముద్ర కూడా తెచ్చుకున్నాయి. అది కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా కొనొచ్చు, కానీ అరుదుగా కనిపిస్తుంది.

కప్ప, ఆకు, పిట్ట

కప్ప బొమ్మ రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్‌ది. 2018లో యూటీజెడ్ అనే ఇంకో సర్టిఫికేషన్ దీనిలో కలిసిపోయింది. అడవి నరకకపోవడం, నీరు కలుషితం కాకపోవడం, బాలకార్మికులు లేకపోవడం లాంటివి దీని పట్టింపులు. మార్కెట్ ధర మీద అదనంగా కొంత ఇవ్వాలంటుంది గానీ, కాఫీకి కనీస ధర పెట్టలేదు. ధర పడితే ఈ ముద్ర ఉన్న కాఫీ ధర కూడా దాంతో పాటే పడుతుంది. పెద్ద ఎస్టేట్లూ తీసుకోవచ్చు. కాబట్టి ఇది చెడ్డ ముద్ర అనను, చిన్న రైతు ధర అనే ప్రశ్నకు ఇది జవాబు కాదు, అంతే. రెండు ప్యాకెట్లు పక్కపక్కన ఉండి ఒకదానికి కప్ప ఉండి రెండోదానికి ఏమీ లేకపోతే కప్పే తీసుకోండి.

ఆకు గుర్తుతో కనిపించే ఆర్గానిక్ కూడా ధర ముద్ర కాదు, సాగు ముద్ర. దీనిలో ఒక తమాషా ఉంది. ఎరువులు, మందులు కొనే స్తోమత లేక ఏమీ వేయకుండా పండించే రైతులు ఇథియోపియాలో లక్షల్లో ఉన్నారు. వాళ్ల కాఫీ ఎలాగూ మందులు లేనిదే, కానీ సర్టిఫికెట్ డబ్బులు లేక మామూలు కాఫీగానే పోతుంది. రసాయనాలు వాడుతున్న తోట ఆర్గానిక్‌కు మారాలంటే సాధారణంగా మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లూ దిగుబడి తగ్గవచ్చు, అదనపు ధర రాదు. ఇటీవలి యూరోపియన్ యూనియన్ నియమాలైతే ఒక్కో రైతు బృందంలో 2,000 మందికి మించి ఉండకూడదన్నాయి, పెద్ద సహకార సంఘాలు విడిపోయి కాగితాలన్నీ మళ్లీ రాసుకోవాల్సిన పరిస్థితి. ఫెయిర్‌ట్రేడ్‌తో కలిసి ఉన్నప్పుడే ఆర్గానిక్ రైతుకు నిజంగా గిట్టుతుందని నా అభిప్రాయం, ఆ 40 సెంట్ల వల్ల.

పిట్ట గుర్తు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ఇచ్చే బర్డ్ ఫ్రెండ్లీది. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉండి తీరాలి, తోటలో 40 శాతమైనా చెట్ల నీడ ఉండాలి. పర్యావరణం వైపు నుంచి చూస్తే వీటన్నిటిలో కఠినమైనది ఇదే.

పెద్ద కంపెనీల సొంత పథకాలు కూడా ఉన్నాయి. నెస్ప్రెస్సో 2003లో ఏఏఏ పేరుతో, స్టార్‌బక్స్ 2004లో సీ.ఏ.ఎఫ్.ఈ. ప్రాక్టీసెస్ పేరుతో మొదలుపెట్టాయి. శిక్షణ, మొక్కలు, నాణ్యతకు అదనపు ధర లాంటివి ఇస్తారు, కొందరు రైతులకు వాటి వల్ల మేలు జరిగిన మాట నిజం. కానీ నియమం రాసేది, కొనేది ఒకరే. రేపు నియమం మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు. ప్యాకెట్ మీద ‘బాధ్యతగా సేకరించినది’ అని మాత్రమే ఉండి దాని వెనక ఏ సంస్థ పేరూ లేకపోతే దాన్ని అలంకారంగానే తీసుకోండి.

డైరెక్ట్ ట్రేడ్

2000ల మొదట్లో అమెరికాలో ఇంటెలిజెన్షియా, కౌంటర్ కల్చర్, స్టంప్‌టౌన్ లాంటి రోస్టర్లు ఫెయిర్‌ట్రేడ్ చాలదని బయల్దేరారు. మంచి కాఫీకి మంచి ధర ఇవ్వాలి, రైతును స్వయంగా వెళ్లి కలిసి నేరుగా కొనాలి అన్నారు, దానికి పెట్టుకున్న పేరే డైరెక్ట్ ట్రేడ్. ఇంటెలిజెన్షియా అయితే ఫెయిర్‌ట్రేడ్ ధర మీద కనీసం 25 శాతం ఎక్కువిస్తామని నియమం పెట్టుకుంది. ఇలా నిజాయతీగా చేస్తే ఏ ముద్రా ఇవ్వలేనంత ధర రైతుకు చేరుతుంది. చిక్కల్లా ఈ మాటకు చట్టంలో గానీ వ్యాపారంలో గానీ నిర్వచనం లేకపోవడమే. ఎవరైనా వాడుకోవచ్చు. ఒక్కసారి తోటకు వెళ్లి ఫొటో దిగి వచ్చినవాళ్లూ వాడుతున్నారు.

‘దళారులు లేరు’ అన్న మాటను కూడా యథాతథంగా నమ్మనక్కర్లేదు. ఒక షిప్పింగ్ కంటైనర్‌లో దాదాపు 300 బస్తాలు పడతాయి. ఒకటి రెండు హెక్టార్ల రైతు ఏడాది పంట దానిలో ఒక మూలకు కూడా రాదు. ఎగుమతి లైసెన్సు, గింజ పొట్టు తీసే మిల్లు, ఓడ ఖర్చు, దిగుమతిదారు ఎవరో ఒకరు మధ్యలో ఉండి తీరాలి. ఇథియోపియాలో అయితే 2008లో కమోడిటీ ఎక్స్ఛేంజి పెట్టాక చాలావరకు కాఫీ ప్రాంతం, గ్రేడు పేరుతోనే అమ్ముడయ్యేది. ఏ ఊరిదో, ఎవరిదో తెలిసేది కాదు. 2017లో నిబంధనలు సడలించాక గానీ జాడ తెలిసేలా నేరుగా ఎగుమతి చేయడం తేలిక కాలేదు. ఇప్పటికీ అక్కడి కాఫీ మీద వాషింగ్ స్టేషన్ పేరు ఉంటుంది, దాని వెనక వందలమంది రైతులు ఉంటారు. కాబట్టి ప్యాకెట్ మీద ఒక్క రైతు పేరు లేకపోవడం లోపం కాదు. అలాగే బ్రెజిల్‌లో ఒక్క తోట పేరుతో వచ్చినంత మాత్రాన అది చిన్న రైతుది కానక్కర్లేదు. అక్కడ వందల హెక్టార్లలో యంత్రాలతో కోసే తోటలకూ అందమైన పేర్లుంటాయి.

అంకెలు ఇస్తున్నారా అన్నదే అసలు పరీక్ష. కౌంటర్ కల్చర్ లాంటి కొందరు ఏ కాఫీకి ఎంత చెల్లించారో ఏటా ప్రకటిస్తారు. ప్రకటించేవాళ్లలో ఎక్కువమంది ఇచ్చేది ఎఫ్ఓబీ అంకె. తోట దగ్గర రైతుకు అందిన ధర, ఫామ్‌గేట్ ధర, వేరే. అది కూడా ఇచ్చేవాళ్లు తక్కువ, ఇస్తే వాళ్ల పట్టుదలకు మెచ్చుకోవాలి. కెన్యా లాంటిచోట రైతు పండు పోసిన నెలల తర్వాత, గింజ అమ్ముడయ్యాక, ఖర్చులన్నీ మినహాయించుకుని సంఘం చెల్లిస్తుంది. అక్కడ ఎఫ్ఓబీ ఎంత గొప్పగా ఉన్నా మధ్యలో ఏం కోత పడిందో తెలియాలి. రోస్టరు ఇచ్చిన ధర మంచిదో కాదో పోల్చుకోవాలంటే అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో మొదలైన స్పెషాలిటీ కాఫీ ట్రాన్సాక్షన్ గైడ్ ఉంది. నిజంగా జరిగిన కొనుగోళ్ల ధరలను నాణ్యత స్కోరు, పరిమాణం బట్టి చూపిస్తుంది.

డైరెక్ట్ ట్రేడ్‌లో నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది. స్పెషాలిటీ కాఫీకి 100కు ఇన్ని మార్కులని వేస్తారు, 80 దాటితేనే స్పెషాలిటీ. చాలామంది రోస్టర్లు 86, 87 వచ్చిన గింజలే ఏరుకుని పెద్ద ధర ఇస్తారు. అది పంటలో పదో వంతు కావచ్చు. మిగతా తొమ్మిది వంతులు? అవి ఎప్పటిలాగే సీ ప్రైస్‌కు పోతాయి. వచ్చే ఏడాది వానలు తేడా వచ్చి స్కోరు 84కు దిగితే ఆ పది వంతుల్లో ఒక వంతునూ వదిలేస్తారు. అందుకే ‘ఎంత ఇచ్చారు’ అన్నదానితో పాటు ‘ఎంత కొన్నారు, ఎన్నేళ్లుగా కొంటున్నారు’ అన్నది కూడా చూడాలంటాను. ఒక ఏడాది 5 డాలర్లిచ్చి మాయమయ్యేవారి కంటే పదేళ్లుగా 2.80 ఇస్తూ, స్కోరు తగ్గిన ఏడాది కూడా కొన్నవాళ్లు రైతుకు పనికొస్తారు. 1999లో బ్రెజిల్‌లో మొదలైన కప్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే కాఫీ పోటీ వేలాల్లో కళ్లు చెదిరే ధరలు వస్తాయి, ప్రాంతానికి పేరొస్తుంది, మంచిదే. కానీ అలాంటి గెలుపు కాఫీ కొనడాన్ని చిన్న రైతులకు సాయంగా లెక్కవేయకండి.

ఈ రెండు దారుల మధ్య ఇంకోటి ఉంది. అమెరికాలో 1986లో మొదలైన ఈక్వల్ ఎక్స్ఛేంజ్ ఉద్యోగులే యజమానులైన సహకార సంస్థ. బ్రిటన్‌లో 1991లో వచ్చిన కేఫ్‌డైరెక్ట్ కూడా చిన్న రైతుల సంఘాల కోసమే పుట్టింది. ఇలాంటి కంపెనీలు మొదటి నుంచీ సంఘాలతోనే వ్యాపారం చేస్తూ వచ్చాయి. రుచిలో ఆకాశాన్నంటే కాఫీ ఉండకపోవచ్చు, రోజూ తాగడానికి బాగానే ఉంటుంది.

కప్పుకు ఎంత తేడా

మంచి ధర ఇచ్చే కాఫీ ఖరీదు ఎక్కువ కదా అంటారు. లెక్క వేసి చూద్దాం. ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర, ప్రీమియం కలిపి పౌండుకు 2 డాలర్లు, అంటే కిలో పచ్చి గింజకు దాదాపు 4.40 డాలర్లు. వేయించితే బరువు తగ్గుతుంది కాబట్టి కిలో వేయించిన కాఫీకి సుమారు 1.2 కిలోల పచ్చి గింజ పడుతుంది, 5.30 డాలర్లు అనుకోండి. కప్పుకు 15 గ్రాముల చొప్పున కిలోకు 66 కప్పులు వస్తాయి. కప్పుకు 8 సెంట్లు. ధర డాలరుకు పడిపోయిన ఏడాది ఇదే లెక్క కప్పుకు దాదాపు 4 సెంట్లు. పౌండుకు 3 డాలర్లిచ్చినా 12 సెంట్లే.

అంటే రైతు వైపుకు పోయేది మూడింతలైనా తాగేవాళ్ల మీద పడేది కప్పుకు 8 సెంట్లు. 250 గ్రాముల ప్యాకెట్ మీద ఒక డాలరూ కొంత చిల్లర. ప్యాకెట్ ఖరీదులో మిగతాదంతా వేయించడం, అద్దె, జీతాలు, ప్రకటనలు, దుకాణం లాభం. అందుకని ఖరీదైన ప్యాకెట్ అయితే రైతుకు ఎక్కువిచ్చి ఉంటారని అనుకోవద్దు. అందమైన డబ్బాకూ అంతే ఖర్చవుతుంది.

మీకు ఏది సరిపోతుంది

సూపర్ మార్కెట్ తప్ప వేరే దారి లేనివాళ్లకు పైన చెప్పిందే, ఫెయిర్‌ట్రేడ్, దానితో ఆర్గానిక్. ఇన్‌స్టంట్ తాగేవాళ్లు సాధారణంగా ఈ చర్చలోకే రారు. అది అన్యాయం. ఇన్‌స్టంట్‌లో ఎక్కువగా పడేది రోబస్టా. ప్రపంచంలో రెండో పెద్ద కాఫీ ఉత్పత్తిదారైన వియత్నాంలో దాన్ని పండించేది దాదాపు అంతా చిన్న రైతులే. రోబస్టాకూ ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర ఉంది, 2023లో 1.20 డాలర్లకు పెంచారు. ఆ ముద్ర ఉన్న ఇన్‌స్టంట్ దొరికితే అదే కొనండి.

ఇంట్లో గింజలు పొడి చేసుకునేవాళ్లు, కాఫీ మీద నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగేవాళ్లు ధర ప్రకటించే రోస్టరును వెతుక్కోవడం మేలు. నెలనెలా వచ్చే చందా పెట్టుకుంటే ఇంకా మంచిది, రోస్టరుకు ఎంత అమ్ముడవుతుందో ముందే తెలిస్తే రైతులతో ఒప్పందం కూడా ముందే చేసుకోగలరు. ప్రతి నెలా కొత్త దేశం రుచి చూడాలన్న సరదా అర్థమవుతుంది గానీ, ఒకే సంఘం కాఫీని ఏటా కొనడం రైతుకు ఎక్కువ ఉపయోగం.

ఆఫీసుకో సంస్థకో కొనేవాళ్ల చేతిలో మనలాంటివాళ్ల కంటే ఎక్కువ బలం ఉంటుంది. వాళ్లు టెండర్‌లో ముద్ర పేరు రాసి ఊరుకోకుండా, ఏ సంఘం దగ్గర, ఏ ధరకు, ఎన్నేళ్ల ఒప్పందంతో కొన్నారో రాసివ్వమని అడగొచ్చు. పెద్ద ఆర్డరు పోతుందంటే అమ్మేవాళ్లు కాగితాలు వెతికి తెస్తారు.

రోస్టరుకు మెయిల్ రాస్తే

మూడు నాలుగు లైన్లు చాలు. ఈ కాఫీ ఏ సంఘం లేదా ఏ వాషింగ్ స్టేషన్‌ది, పౌండుకు ఎఫ్ఓబీ ఎంత ఇచ్చారు, రైతుకు అందినది తెలుసా, వాళ్ల దగ్గర ఎన్నో ఏడాది కొంటున్నారు, 2019లో మార్కెట్ పడినప్పుడు ఎంతకు కొన్నారు అని అడగండి. ఆ ఏడాదికి ఇంకా మొదలుకాని కంపెనీ అయితే ఈ చివరి ప్రశ్న వదిలేయండి.

జవాబు వచ్చే తీరులోనే చాలా తెలుస్తుంది. అంకెలు, సంఘం పేరు, ఏళ్లు రాసి పంపితే కొనండి, అంకె మీరనుకున్నంత పెద్దది కాకపోయినా సరే. ‘ఎఫ్ఓబీ తెలుసు, ఫామ్‌గేట్ మాకు తెలియదు, కనుక్కుంటాం’ అంటే అదీ మంచి జవాబే. ‘మా రైతులతో మాది కుటుంబ బంధం’ అంటూ రెండు పేరాలు రాసి ఒక్క అంకె కూడా ఇవ్వకపోతే వేరే రోస్టరును చూడండి. ‘మార్కెట్ కంటే ఎక్కువ ఇస్తాం’ అన్నవాళ్లను ఏ ఏడాది మార్కెట్ అని అడగండి. 90 సెంట్ల మార్కెట్ మీద పది సెంట్లు ఎక్కువిచ్చినా అది సాగు ఖర్చుకే చాలదు. రెండు వారాలైనా జవాబు రాకపోతే బాధపడాల్సిన పని లేదు, ఫెయిర్‌ట్రేడ్ ప్యాకెట్ సూపర్ మార్కెట్‌లో ఉండనే ఉంది.